కట్ట కింద ఊట

మా నాన్నను మా ఆయన ఇంట్లో పెట్టుకున్నాడని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు మా ఆయనకు బాగా రుచించింది. ఎవరు వచ్చినా కుర్చీ వేసి, టీ తెప్పించి, మాటను ఎటు తిప్పినా చివరికి అక్కడికే తెచ్చేవాడు.

"ఏం చేస్తామండీ, పెద్దాయన. ఆ రోజు కునుకు పట్టింది. మనిషన్నాక పట్టదా? లోకంతోపాటు నేనూ గెంటేస్తే ఎక్కడికి పోతాడు? నా భార్య ముఖం చూడాలి కదా."

"మీది పెద్ద మనసు" అనేవాళ్ళు వచ్చినవాళ్ళు.

లోపలి గదిలో మంచం మీద కూర్చున్న నాన్నకు ఈ మాటలన్నీ వినబడేవి. మధ్యలో ఉన్నది గోడ కాదు, పాత కర్టెను. వంటింట్లో నాకూ వినబడేవి. నేను టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని, తలవంచుకుని నవ్వుతూ బయటకు వచ్చేదాన్ని. అలా దాదాపు ఏడాది నవ్వాను. ఎందుకంటే నేనూ నమ్మాను, నాన్న నిద్రపోయాడని.

నాన్న నది కరకట్ట మీద లస్కరు. కట్ట మీద నడవడమే ఆయన ఉద్యోగం. ఎక్కడ ఎలుక బొరియ పెట్టింది, ఎక్కడ నెర్రె విచ్చింది, ఎక్కడ తడి కనబడుతోంది, చూసి చెప్పాలి. వరద రోజుల్లో కట్ట దిగకూడదు. కిందటేడు గండి పడినప్పుడు ఆయన కట్ట మీద లేడు. అందులో అబద్ధం లేదు. కట్ట కింద వీధి మొత్తం మునిగింది. నాన్న ఇల్లు ఆనవాలు లేకుండా పోయింది. ఆ వీధి దర్జీ భార్య మిషను కాపాడుకుందామని వెనక్కి వెళ్ళి, ఇక రాలేదు.

విచారణకు వచ్చిన అధికారులతో మా ఆయనే చెప్పాడు. "మామయ్య కట్ట మీద లేడండీ. ఎక్కడో ఒరిగి ఉంటాడు. ఎలుక బొరియ ఏదో పెద్దదయి ఉంటుంది. మనిషంటూ ఉంటే గడ్డి కుక్కి ఆపేవాడు." అల్లుడే అన్నాక ఇంకెవరు కాదంటారు? నాన్న నోరు విప్పలేదు. ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆయన వీధిలోకి వెళ్తే దర్జీ మిషను ఆపేసి గుమ్మంలో నిలబడేవాడు. తిట్టేవాడు కాదు. నాన్న మలుపు తిరిగేదాకా అలా చూస్తూ ఉండేవాడు.

"తిట్టినా బాగుండు" అన్నాడు నాన్న ఒకసారి. ఆ విషయం గురించి ఆయన నోటివెంట వచ్చింది ఆ ఒక్క మాటే.

కరకట్ట పాదానికి ఆనుకుని మాకో చేపల చెరువుంది. మాకు పిల్లలు లేరు. ఆ చెరువే నా బిడ్డ అనేవాడు మా ఆయన. గండి దానినీ ఊడ్చుకుపోయింది. పోయినదంతా రాబట్టాలని, గండి పూడ్చగానే, ఆ ఎండాకాలం ప్రొక్లెయిన్ తెప్పించి, చెరువును ఇంకా లోతుగా తవ్వించడం మొదలుపెట్టాడు. పనివాళ్ళకు భోజనాలు నేనే తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు నాన్నను కూడా బలవంతాన బయలుదేరదీశాను. నెలల తరబడి ఆ గది దాటని మనిషి, కాస్త గాలి తగులుతుందని.

నేను అన్నాలు వడ్డిస్తుంటే ఆయన మెల్లగా ఎండిన చెరువులోకి దిగాడు. కట్ట వైపు గోడను యంత్రం అప్పుడే నిలువునా కోసింది. జున్ను కోసినట్టుంది, నల్లగా, నున్నగా. ఆ నల్లమన్నులో తెల్లటి ఇసుక గీతలు నిలువుగా పైకి పాకాయి, చేతి మందాన ఒకటి, కాలి మందాన ఒకటి. నాన్న ఒకదాంట్లో వేలు పెట్టాడు. ఇసుక జలజల రాలింది. ఆయన ఉన్నచోటనే చతికిలబడ్డాడు.

నేను పరిగెత్తాను. "ఏమైంది నాన్నా? కళ్ళు తిరిగాయా?"

"లేదమ్మా. ఇదీ దారి."

"దేనికి?"

"నీళ్ళకి. నది కింద ఇసుక, దాని పైన ఈ నల్లమన్ను. మన్ను మందంగా ఉన్నంతకాలం కింద నీళ్ళు ఎంత తోసినా పైకి రాలేవు. మూత పెట్టిన గిన్నె అనుకో. చెరువు పేరుతో మూత తీసేశాం. ఇక పొంగదా? పొంగినప్పుడు ఉత్త నీళ్ళు రావు తల్లీ, కట్ట కింది ఇసుకనూ లాక్కొస్తాయి. పైకి కట్ట నిక్షేపంలా ఉంటుంది. లోపల డొల్ల. చివరికి ఒక్కసారిగా కూలబడుతుంది."

"అయితే ఎలుక బొరియ కాదా?"

ఆయన వేలికంటిన ఇసుకను పంచెకు తుడుచుకున్నాడు.

"ఆ రోజు నీకు తెలుసా నాన్నా?"

"చూశాను. చెరువులో ఒక మూల నీళ్ళు అన్నం ఉడికినట్టు కుతకుతమంటున్నాయి. బురద రంగు. చెప్దామని పరిగెత్తాను." అంతవరకు వచ్చి ఆగిపోయాడు.

"ఎవరికి చెప్దామని?"

"పోనీలేమ్మా. నీ కాపురం."

"ఎవరికి నాన్నా?"

ఆయన నా వైపు చూడలేదు. ఆ తెల్ల గీతల వైపు చూస్తూ చెప్పాడు. "మీ ఇంటికే వచ్చాను. వరద భయానికి బడికి సామాన్లు మోసేవాళ్ళతో నువ్వూ వెళ్ళావు. అల్లుడు ఒక్కడే ఉన్నాడు. ఆఫీసుకు ఫోను చెయ్యి బాబూ, కాలువ నీళ్ళు వదిలి చెరువు నింపు అన్నాను. 'ఫోను చేస్తే చెరువు పూడ్చేస్తారు మామయ్యా. చేపలు కదిలితే బుడగలు రావా? చాదస్తం మాని వెళ్ళండి' అన్నాడు. బతిమాలాను. వాదించాను. తిరిగి వెళ్ళేసరికి ఎక్కడానికి కట్ట లేదు."

"మరి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నీ మొగుణ్ణి జైలుకు పంపించి, నీ చేతి అన్నం నీ ఎదురుగా కూర్చుని తినమంటావా?"

పైనుంచి ప్రొక్లెయిన్ డ్రైవరు మంచినీళ్ళు కావాలని కేకేశాడు. నేను వెళ్ళి పోశాను. క్యారియరు గిన్నెలు కడిగి సర్దుకున్నాను. సాయంత్రం మా ఆయనకు అన్నం పెడితే, కూరలో ఉప్పు సరిగ్గా సరిపోయిందన్నాడు.

అంతకుముందు నాకు కోపం తెలుసు, అలక తెలుసు. పగ తెలియదు. కోపం గిన్నెలు విసిరికొడుతుంది. పగ గిన్నెలు తోమి బోర్లిస్తుంది. ఆ రోజు నుంచి మా వంటిల్లు అద్దంలా ఉండేది.

ఎవరికి చెప్పినా ప్రయోజనం లేదని నాకు త్వరలోనే అర్థమైంది. ఆ గోడకు మట్టి మెత్తి, నీళ్ళు వదిలి, చేపపిల్లల్ని పోశారు. సాక్ష్యం మునిగిపోయింది. నాన్న తన మీద ఒట్టు వేయమన్నాడు, నోరెత్తనని. "సరే నాన్నా" అన్నాను గానీ చెయ్యి వేయలేదు. మా ఆయన చెరువు గట్టు మీద మేత చల్లుతుంటే నేను పక్కనే బుట్ట పట్టుకుని నిలబడేదాన్ని. చేపలు మూతులు పైకెత్తి ఎగబడేవి. "చూశావా, ఎలా పెరుగుతున్నాయో!" అనేవాడు. "పెరగనివ్వండి" అనేదాన్ని. మనస్ఫూర్తిగానే అనేదాన్ని. ఎంత పెరిగితే అంత బాగా నొప్పి పుడుతుంది.

వానలు పడ్డాక కొత్త ఇంజనీరు వచ్చింది. గొడుగు ఒక చేత్తో, చీర కుచ్చిళ్ళు ఇంకో చేత్తో పట్టుకుని, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లతో కట్ట పొడవునా నడిచింది. మా చెరువు దగ్గర ఆగి, నది వైపు ఒకసారి, చెరువు వైపు ఒకసారి చూసింది.

"దీన్ని ఇక్కడ ఎవరు తవ్వమన్నారు?"

"తాతల కాలం నాటి గుంట మేడమ్. కాస్త బాగు చేసుకున్నాం" అన్నాడు మా ఆయన. తాతకు ఆ దరిదాపుల్లో సెంటు భూమి లేదు.

"వరద తీశాక దీని సంగతి చూస్తాను. అప్పటిదాకా అంచుల వరకు నిండుగా ఉంచండి. ఒక్క బిందెడు తోడినా ఊరుకోను."

"అయ్యో, ఎందుకు తోడుతాం మేడమ్!"

నేను టీ అందిస్తూ అడిగాను. "తోడితే ఏమవుతుంది మేడమ్?"

మా ఆయన నా వైపు గుడ్లురిమాడు. ఆవిడ మాత్రం తీరిగ్గా చెప్పింది. "నది ఇటు తోస్తుంది. చెరువులో నీళ్ళ బరువు దాన్ని అణిచిపెడుతుంది. చెరువు తగ్గిందంటే ఇక అడ్డేముంది? ఎక్కడైనా నీళ్ళు ఊరితే రంగు చూడండి. తేటగా ఉంటే నాకు చెప్పండి. బురదగా ఉంటే పరిగెత్తుకొచ్చి చెప్పండి." తన ఫోను నంబరు నాకే ఇచ్చింది. మా ఆయన అడిగితే, "ఆవిడ దగ్గరుందిగా" అంది.

ఆ రోజు మా ఆయన నన్ను తిట్టాడు. ఆడదానికి ఆ ప్రశ్నలెందుకన్నాడు. "తప్పయిందండీ" అన్నాను. తప్పయిందనడం ఇంత తేలికని అప్పటిదాకా తెలియదు.

నది పెరగడం మొదలైంది. మొదట మెట్లు మునిగాయి, తర్వాత రేవు మునిగింది, తర్వాత నీళ్ళు కట్ట వాలు మీదికి మెల్లగా పాకాయి. పైన ఊళ్ళలో కుండపోత అన్నారు. మా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కట్టకు ఏమన్నా అయితే మళ్ళీ చేపలు పోతాయి. పోకముందే పట్టి అమ్మేయాలి. పట్టాలంటే నీళ్ళు తగ్గించాలి. కట్టకు ఏమీ కాకుండా చూడాలన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు.

మర్నాడు పొద్దున్న నేను కూరగాయలు తరుగుతుంటే చెరువు వైపు నుంచి ఇంజను చప్పుడు వినబడింది. కత్తిపీట పక్కన పెట్టి వెళ్ళాను. లారీ వచ్చి ఉంది. వలలవాళ్ళు గట్టు మీద బీడీలు కాల్చుకుంటున్నారు. రెండు ఇంజన్లు చెరువును తోడి మురుగు కాలువలో పోస్తున్నాయి. చెరువు బాగా దిగింది. కట్ట వైపు మూలలో, మోకాలి లోతు నీళ్ళలో, ఒకచోట పొయ్యి మీద ఎసరులా ఉడుకుతోంది. బురద రంగు. చుట్టూ ఇసుక గిన్నెలా పేరుకుంటోంది.

కాసేపు ఆగితే చాలు అనిపించింది. ఈ కట్ట ఇప్పుడు కూలితే మా ఆయన లారీతో, ఇంజన్లతో, వలలతో సహా దొరుకుతాడు. ఈసారి నిద్రపోయినవాడెవడూ ఉండడు. నేను ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు.

అంతలో కింది వీధిలోంచి దర్జీ మిషను చప్పుడు వినబడింది. ఎవరికో ఏదో కుడుతున్నాడు.

ఇంజనీరుకు ఫోను చేశాను. "కాలువ షట్టరు ఎత్తి చెరువు నింపెయ్యండి. ఊట నోరు మాత్రం మూయకండి, మూస్తే ఇంకోచోట పగులుతుంది. చుట్టూ బస్తాలు పేర్చండి. నేను బయలుదేరాను" అంది. నేను షట్టరు దగ్గరికి వెళ్ళేముందు దర్జీ ఇంటికి వెళ్ళాను. బస్తాలు మోయడానికి మనుషులు కావాలి, నిజమే. నాకు వినడానికి కూడా మనుషులు కావాలి.

"అన్నా, వీధిలో అందర్నీ తీసుకుని చెరువు దగ్గరికి రా. పోయినేడు గండి ఎలా పడిందో చూపిస్తాను."

దర్జీ దారం కొరికి, మిషను మీద బట్ట అలాగే వదిలేసి లేచాడు. నాన్నను పిలుద్దామని ఇంటి వైపు తిరిగేసరికి ఆయన అప్పటికే కట్ట వైపు వస్తున్నాడు. ఇంజను చప్పుడు ఆయనా విన్నాడు.

ఆ తర్వాత అంతా ఒక్కుమ్మడిగా జరిగింది. నాన్న పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి, "మూతి మీద వేయకండ్రా, చుట్టూ, చుట్టూ!" అని అరుస్తుంటే, ఏడాదిగా ఆయన ముఖం చూడని కుర్రాళ్ళు బస్తాలు అందించారు. వలలవాళ్ళు కూడా బీడీలు పారేసి దిగారు. వాళ్ళ ఇళ్ళూ కట్ట కిందే. ఎవరో ఇంజన్లు ఆపేశారు. మా ఆయన ఒకడి చెయ్యి వదిలించుకుని ఇంకొకడి కాలరు పట్టుకుని, "మీకేం తెలుసు, ఇది మామూలు ఊట! ఏటా ఉండేదే!" అని గింజుకుంటున్నాడు.

"ఏటా ఉండేదా?" అన్నాడు దర్జీ.

నేను షట్టరు చక్రం తిప్పాను. తుప్పు పట్టి బిగుసుకుంది. అరచేతులు కొట్టుకుపోయాయి గానీ తిరిగింది. కాలువ నీళ్ళు చెరువులోకి దూకాయి. మధ్యాహ్నానికల్లా చెరువు అంచు దాకా వచ్చి, ఎక్కువైన నీళ్ళు అలుగు మీంచి మురుగు కాలువలోకి పొర్లడం మొదలైంది. అలుగుకు అడ్డంగా వల కట్టి ఉంది, రెండు గుంజలకు తాళ్ళతో. నీళ్ళు పోతాయి, చేపలు ఆగుతాయి. చెయ్యి లావున్న చేపలు ఆ వలకు కొట్టుకుంటున్నాయి. అది చూసి మా ఆయనకు కాస్త ఊపిరి వచ్చింది.

నేను వెళ్ళి ఆ గుంజ పక్కన నిలబడి తాడు ముడి మీద చెయ్యి వేశాను.

"ఏమే, పిచ్చెక్కిందా? చెయ్యి తియ్యి!"

పెళ్ళైన నాటి నుంచి ఆయన్ని మీరు తప్ప ఇంకోలా పిలిచి ఎరగను.

"నువ్వు చెప్పు" అన్నాను. "ఆ రోజు మా నాన్న ఎక్కడున్నాడు?"

బస్తాలు మోసేవాళ్ళు ఆగారు. మా ఆయన అందరి వైపు చూసి నవ్వబోయాడు. "ఇది సమయమా? ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

నేను ఒక మెలిక విప్పాను. వల ఒక పక్క వాలింది.

"అమ్మా, వద్దు" అన్నాడు నాన్న నీళ్ళలోంచి.

"చెప్పు. చెప్తే ఈ ముడి మళ్ళీ వేస్తాను. ఎక్కడున్నాడు?"

మా ఆయన పెదవులు తడుపుకున్నాడు. "మా ఇంట్లో" అన్నాడు.

"గట్టిగా చెప్పు. నీళ్ళ చప్పుడులో వినబడట్లేదు" అన్నాడు దర్జీ.

"మా ఇంట్లో! చెరువు ఉడుకుతోందని చెప్పడానికి వచ్చాడు! నేనే... నేనే పట్టించుకోలేదు. పడుకోలేదు ఆయన. చాలా? సరేనా? ఇక కట్టు!"

దర్జీ చేతిలో ఉన్న బస్తాను మెల్లగా కింద పెట్టాడు. నాన్న నీళ్ళలో నడుము లోతున నిలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మా ఆయన మాత్రం నా చేతి వైపే చూస్తున్నాడు.

నేను ముడి పూర్తిగా విప్పేశాను.

వల ఒక్క ఊపున మురుగు కాలువలోకి వెళ్ళిపోయింది. దాని వెనకే చేపలు, వెండి పళ్ళేలు విసిరినట్టు, ఒకదాని మీద ఒకటి. మా ఆయన కాలువలోకి దూకి చేతులతో పట్టుకోబోయాడు. ఒకటి పట్టుకుంటే పది జారిపోయాయి. పట్టుకున్నదీ జారిపోయింది. నేను అక్కడే నిలబడి, కళ్ళార్పకుండా, చివరి దాకా చూశాను.

ఇంజనీరు జీపు వచ్చేసరికి బస్తాల వలయంలో నీళ్ళు తేటపడ్డాయి. ఆవిడ దోసిట్లోకి తీసుకుని చూసి, నాన్నతో "బాగా పేర్చారు" అంది. తర్వాత అలుగు దగ్గర ఉత్త గుంజలు చూసి, "వల ఏది?" అంది.

"ఉధృతికి కొట్టుకుపోయింది మేడమ్" అన్నాడు దర్జీ. అందరూ తలలూపారు. మా ఆయన ఒళ్ళంతా బురదతో నోరు తెరిచి, మూసుకున్నాడు.

కట్ట నిలబడింది. ఆ వారమంతా మురుగు కాలువల్లో, గుంటల్లో, ఇళ్ళ వెనక పెరళ్ళలో చేపలే. కట్ట కింద ఏ ఇంట్లో చూసినా మూకుడు పొయ్యి దిగలేదు. మా ఆయన కిటికీలు మూసుకుని కూర్చున్నాడని విన్నాను. అప్పటికి నేను ఆ ఇంట్లో లేను. దర్జీ తన కొట్టు పక్క గది ఖాళీ చేసి ఇచ్చాడు. నాన్నకు ఏమీ చెప్పలేదు, క్షమించమనలేదు. ఒకరోజు టేపు పట్టుకుని వచ్చి, "చేతులు చాపండి" అన్నాడు. కొలతలు తీసుకుంటూ మధ్యలో ఆగిపోయి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాన్న చేతులు చాపి అలాగే ఉన్నాడు, ఆయన మళ్ళీ ఇటు తిరిగేదాకా.

ఆ చొక్కా వేసుకునే నాన్న విచారణకు వెళ్ళాడు. ఈసారి అడిగినవాటికన్నిటికీ జవాబు చెప్పాడు. నా మీద మాత్రం ఆయనకు కష్టంగానే ఉండేది.

"చెప్పించావు, సరే. మాటిచ్చి వల ఎందుకు విప్పావమ్మా?"

"చేపల కోసం చెప్పాడు నాన్నా. నీ కోసం కాదు."

"అయినా మాట మాటే."

"నీకు. నాకు కాదు."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ చూపు నాకు గుచ్చుకుంది. అయినా భరించాను. వానాకాలం వెళ్ళిపోయేలోపు లారీలు కంకర, ఇసుక తెచ్చి చెరువును పొరలు పొరలుగా పూడ్చేశాయి. ఆ పూడిక నీళ్ళు వస్తే రానిస్తుందట, మన్నును మాత్రం పోనివ్వదట. ఇంజనీరు చెప్పింది.

పూడ్చడం అయిపోయిన రోజు మా ఆయన వచ్చాడు. మనిషి చిక్కాడు. గడ్డం పెరిగింది. వీధిలో నలుగురూ చూస్తుండగా గుమ్మం ముందు నిలబడి, అందరికీ వినబడేట్టే అన్నాడు. "పోయింది పోయింది. మామయ్యా, ఇద్దరూ ఇంటికి పదండి. నాకు ఎవరి మీదా కోపం లేదు."

నాన్న నా వైపు చూశాడు. నేను ఊ అంటే ఆ క్షణమే చెప్పులు వేసుకునేలా ఉన్నాడు.

"నాకుంది" అన్నాను.

మా ఆయన ఇంకేదో అనబోయాడు. వెనక మిషను ఆగింది. అటు చూసి, ఇటు చూసి, తల దించుకుని కట్ట మెట్ల వైపు నడిచాడు. మెట్లెక్కి, కట్ట వెంబడి నడుస్తూ చిన్నగా అయి, మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఇక కడుపులో మంట చల్లారుతుందేమో అనుకున్నాను. చల్లారలేదు. కాని ఆకలేసింది, చాలా రోజుల తర్వాత. లోపలికి వెళ్ళి, నాన్నకు కంచం పెట్టి, నేనూ పెట్టుకున్నాను.